లైట్‌హౌస్ చూడటానికి ఒక పూట చాలా? టవర్ ఎక్కాలా, చుట్టూ నడవాలా?

మీరు మూడు సంగతులు అడిగారు. లైట్‌హౌస్ ఎక్కి దిగితే గంటలో అయిపోతుందా, చుట్టూ ఉన్న నడక దారులకు విడిగా సమయం పెట్టుకోవడం అవసరమా, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో వెళ్ళొచ్చా అని.

సూటిగా చెప్పాలంటే, టవర్‌కి గంట చాలు. పైన గాలి జోరుగా ఉంటే అరగంట కూడా ఉండలేరు. అయితే అంతదూరం వెళ్ళి టవర్ ఒక్కటే చూసి వచ్చేయొద్దు. మధ్యాహ్నం దాటాక చేరుకుని ముందు నడవండి, తర్వాత టవర్ ఎక్కండి, కుదిరితే దీపం వెలిగేదాకా ఉండండి. నేను ఎక్కడికి వెళ్ళినా ఇదే వరస. ఒక్క మెలిక ఉంది: చాలా టవర్లలో చివరి ప్రవేశం సాయంత్రానికి బాగా ముందే ఆపేస్తారు, గాలి ఎక్కువైతే ఆ రోజుకే మూసేస్తారు. ఆ వేళలు ముందు కనుక్కుని, తొందరగా మూసేస్తారని తెలిస్తే వరస తిరగేయండి.

నడక ముందు అని ఎందుకంటున్నానంటే, లైట్‌హౌస్ అక్కడే ఎందుకు కట్టారో పైకి ఎక్కితే తెలియదు, చుట్టూ తిరిగితే తెలుస్తుంది. అందమైన చోటని ఎవరూ లైట్‌హౌస్ కట్టలేదు. ఓడలు పగిలే చోట కట్టారు. నీళ్ళ కింద దాగిన రాళ్ళు, మలుపులో ఉరికే ప్రవాహం, మంచులో కనబడని కొండ కొమ్ము, ఇవన్నీ ఒడ్డు వెంబడి నడుస్తుంటే ఒక్కొక్కటే కంటపడతాయి. అలల్లేని చోట ఒక్కచోట మాత్రమే తెల్లగా నురగ లేస్తుంటే దాని కింద రాయి ఉన్నట్టే. అలాంటివి నాలుగు చూశాక టవర్ వైపు తిరిగి చూడండి, అప్పటిదాకా బొమ్మలా కనిపించింది పనిముట్టులా కనిపిస్తుంది.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బీచీ హెడ్ దగ్గర నడిచినప్పుడు ఇది నాకు బాగా అర్థమైంది. అక్కడ సుద్దరాతి కొండ 162 మీటర్లు నిట్టనిలువుగా లేచి ఉంటుంది. ఎర్ర, తెల్ల పట్టీల లైట్‌హౌస్ మాత్రం కొండ మీద ఉండదు, కింద సముద్రంలో నిలబడి ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్ళకి వింతగానే ఉంటుంది, ఇంత ఎత్తు పెట్టుకుని కింద ఎందుకు కట్టారా అని. కొండ మీద దారి పట్టుకుని పడమరకి కొంచెం నడిస్తే జవాబు దొరుకుతుంది. అక్కడ బెల్ టౌట్ అనే పాత లైట్‌హౌస్ ఉంది, 1834లో వెలిగించారు. దాన్ని తెలివిగానే కట్టారు: ఓడ ఒడ్డుకి మరీ దగ్గరగా వచ్చిందంటే కొండ అంచు అడ్డొచ్చి దీపం కనబడకుండా పోతుంది, నావికుడికి అదే హెచ్చరిక. కానీ కొండ అంచు కోసుకుపోతూ వచ్చేసరికి ఆ లెక్క చెడింది. దానికి తోడు అంత ఎత్తున మంచు కమ్మితే దీపం అసలు కనబడేది కాదు. అందుకే 1902లో కింద కొత్తది కట్టి పాతదాన్ని ఆర్పేశారు. కోత మాత్రం ఆగలేదు. 1999లో బెల్ టౌట్ భవనాన్ని మొత్తంగా ఎత్తి 17 మీటర్లు లోపలికి జరిపారు. అదే ఏడాది అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ని కూడా అలలు మింగకుండా దాదాపు 880 మీటర్లు లోపలికి తీసుకెళ్ళారు. అది అరవై మీటర్ల ఎత్తున్న ఇటుకల టవర్! నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఎత్తు గురించి ఒక చిన్న లెక్క తెలిస్తే ఏ లైట్‌హౌస్ దగ్గరైనా పనికొస్తుంది. కంటి ఎత్తుని మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే, సముద్రం మీద ఎన్ని కిలోమీటర్ల దాకా కనిపిస్తుందో వస్తుంది. ఒడ్డున నిలబడితే నాలుగున్నర కిలోమీటర్లు. 30 మీటర్ల టవర్ మీదైతే దాదాపు 20. వంద మీటర్లకి 36 లోపే. అంటే ఎత్తు మూడింతలు దాటినా చూపు రెండింతలు కూడా పెరగదు, మబ్బు, మంచు బెడద మాత్రం పెరుగుతుంది. దక్షిణాఫ్రికా కేప్ పాయింట్‌లో పాత లైట్‌హౌస్ 238 మీటర్ల ఎత్తున ఉంది, తరచూ మబ్బులో మునిగిపోయేది. 1911లో లుసిటానియా అనే పోర్చుగీసు ఓడ ఆ కొమ్ము దగ్గరే రాళ్ళకి తగిలి మునిగాక, బాగా కిందకి, 87 మీటర్ల ఎత్తున కొత్తది కట్టారు. అమెరికాలోని శాన్ డియాగోలో పాత పాయింట్ లోమా లైట్‌హౌస్‌కీ ఇదే మబ్బు బెడద, 1855లో వెలిగించి 1891లో ఆపేశారు. కాబట్టి మీరు వెళ్ళిన చోట కొండ ఎత్తుగా ఉండి టవర్ పొట్టిగా ఉంటే నిరుత్సాహపడకండి. కొండే సగం పని చేస్తోంది.

ఇక టవర్ లోపల. ఎక్కుతూ మధ్యలో పైనించి కిందదాకా ఖాళీగా ఉన్న బావిలాంటి చోటు కనిపిస్తే ఆగి చూడండి. పాత రోజుల్లో అందులో ఒక బరువు వేలాడేది. గోడ గడియారంలో లాగే అది మెల్లగా దిగుతూ పైన లెన్స్‌ని తిప్పేది. దిగిపోయాక దీపం చూసుకునే కీపర్ మళ్ళీ చుట్టి పైకి లాగాలి, రాత్రంతా అదే డ్యూటీ. పైన గదిలో గాజు పట్టకాలు వలయాలుగా పేర్చిన పెద్ద లెన్స్ ఉంటే మీ అదృష్టం. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ చేసిన ఏర్పాటు అది. మొదట 1823లో ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో పెట్టారు. మామూలు లెన్స్ ఆ సైజులో చేస్తే మోయలేనంత బరువు అవుతుంది. ఆయన వెలుగుని వంచడానికి పనికొచ్చే ఉపరితలం మాత్రం ఉంచి, మధ్యలోని మందపు గాజంతా తీసేశాడు. దీపం చుట్టూరా చెదిరిపోయే వెలుగుని ఆ పట్టకాలు ఒక దిక్కుకి మళ్ళిస్తాయి. అందుకే చిన్న బల్బు వెలుగు అంతదూరం పోతుంది. టన్నుల బరువున్న లెన్స్‌లని పాదరసం తొట్టిలో తేలేటట్టు పెట్టేవారు, వేలితో తోస్తే తిరిగేవి. పాదరసం ఆవిరి మంచిది కాదని ఇప్పుడు చాలాచోట్ల తీసేస్తున్నారు.

మా మేనల్లుడు ఒకచోట లెన్స్ చుట్టూ తెరలు చూసి "దీపానికి కర్టెన్ ఎందుకు మామయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్న. దీపం వెలుగుని బయటికి పంపే లెన్సే పగలు ఎండని లోపలికి ఒకచోటికి చేరుస్తుంది. భూతద్దంతో కాగితం కాల్చినట్టే, అదుపు లేకపోతే లోపలున్నవి కాలిపోతాయి. మీ పిల్లలకి కూడా ఇలాంటివి ఒకటి రెండు ముందే చెప్పి ఉంచండి, మెట్లు ఎక్కేటప్పుడు గొణగరు.

మెట్ల విషయానికొస్తే, సంఖ్య చూసి టెన్షన్ పడకండి. కష్టం అంకెలో కంటే మెట్టు ఆకారంలో ఉంటుంది. గుండ్రంగా తిరిగే మెట్లు గోడ వైపు వెడల్పుగా, లోపలి వైపు సన్నగా ఉంటాయి. గోడ వైపే అడుగు వేయండి. చివర్లో చాలాచోట్ల నిచ్చెనలాంటి నిటారు మెట్లు వస్తాయి, అక్కడ దిగేటప్పుడు మొహం మెట్ల వైపు తిప్పి దిగాలి. పెద్ద బ్యాగులు కిందే పెట్టమంటారు. చాలాచోట్ల పిల్లలకి కనీస ఎత్తు నిబంధన ఉంటుంది, చంకన ఎత్తుకుని ఎక్కనివ్వరు. అది వెళ్ళాక తెలిస్తే పిల్లాడి ఏడుపు ఆపడం మీ వల్ల కాదు, ఇంట్లోనే కొలుచుకుని వెళ్ళండి.

పెద్దవాళ్ళ గురించి నా అభిప్రాయం కొంచెం వేరు. టవర్ ఎక్కలేరని వాళ్ళని కారులో కూర్చోబెట్టకండి. మా అమ్మ టవర్ ఎప్పుడూ ఎక్కలేదు. మేం పైన గాలికి జుట్టు పట్టుకుని ఫోటోల కోసం అవస్థ పడుతుంటే, తను కింద బెంచీ మీద కూర్చుని పక్షులని, పడవలని మాకంటే ఎక్కువ చూసింది. చదునుగా ఉన్న దారి, మధ్యలో కూర్చునే చోటు, గాలికి మరుగు, ఈ మూడూ ఉంటే వాళ్ళకి చాలు. కొన్నిచోట్ల లెక్క తిరగబడుతుంది, అది గమనించండి. వేల్స్‌లోని సౌత్ స్టాక్‌కి వెళ్ళాలంటే కొండ మీంచి 400 మెట్లు కిందకి దిగి వంతెన దాటాలి. పోయేటప్పుడు హాయిగానే ఉంటుంది, ఎక్కాల్సింది తిరిగొచ్చేటప్పుడు, అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు. ఇలాంటి చోట పెద్దవాళ్ళతో పై నుంచి చూడటమే మేలు. ఎండాకాలం మొదట్లో అక్కడి కొండ చరియల్లో గూళ్ళు కట్టుకునే సముద్రపు పక్షులు పైనించే బాగా కనిపిస్తాయి.

నడకలో రెండిటికి మాత్రం నిజంగా భయపడాలి: కొండ అంచుకి, పోటుకి.

కొండ అంచు పైనించి చూస్తే గట్టిగా, పచ్చగడ్డితో చదునుగా ఉంటుంది. కింద అలలు తొలిచేసి అది చూరులా గాలిలో వేలాడుతుండొచ్చు. పైన నిలబడ్డవాళ్ళకి అది కనబడదు, పక్క మలుపులో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. సుద్దరాయి, మట్టి కలిసిన కొండలు వాన లేని రోజున కూడా చెప్పాపెట్టకుండా విరిగిపడతాయి. అంచుకి సమాంతరంగా నేలలో పగులు కనిపిస్తే దానికి ఇవతలే ఉండండి. కింద బీచ్‌లో నడిచేవాళ్ళు కూడా కొండ మొదట్లో కూర్చోకూడదు. అంచున కాళ్ళు వేలాడేసి ఫోటో దిగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. వాళ్ళని చూసి మీ పిల్లలు వెళ్తామంటే ససేమిరా ఒప్పుకోవద్దు.

పోటు సంగతి మనవాళ్ళకి కొత్తేం కాదు, అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువ. అదే రోజుల్లో ఆటు కూడా ఎక్కువగా ఉండి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, నడవడానికి బీచ్ పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడే మోసం. ఒక పోటు నుంచి తర్వాతి పోటుకి సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్న ఈ టైముకి దారి తేలి ఉంది కదా అనే లెక్క పనికిరాదు. ఇంగ్లండ్‌లోనే సెయింట్ మేరీస్ లైట్‌హౌస్ చిన్న దీవి మీద ఉంటుంది, దానికి వెళ్ళే రోడ్డు పోటు రాగానే మునిగిపోతుంది. దాటే వేళలు బోర్డు మీద రాసి పెడతారు. ఇలాంటి చోట వెనక్కి రావాల్సిన సమయం ముందే తేల్చుకుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నీళ్ళు రోడ్డెక్కడం మొదలయ్యాక పరిగెత్తి దాటేద్దామనుకోకూడదు. దీవి మీదే ఉండిపోతే గంటల కొద్దీ విసుగు తప్ప ఇంకేం కాదు.

పొగమంచు రోజున, ఓడలని మోతతో హెచ్చరించే ఫాగ్ హారన్ ఉన్న చోట పిల్లలని దానికి దూరంగా ఉంచండి. ఇప్పుడు చాలాచోట్ల అవి సెన్సర్‌తో తమంతట తామే మోగుతాయి, దగ్గరుంటే చెవులు చిల్లులు పడతాయి.

సాయంత్రం ఉండగలిగితే పిల్లలకి ఒక పని అప్పగించండి: లైట్‌హౌస్ దీపం మెరుపులు లెక్కపెట్టడం. పగలు టవర్ రంగు, పట్టీలు చూసి నావికుడు ఇది ఫలానా లైట్‌హౌస్ అని గుర్తుపడతాడు, రాత్రి మెరుపుల వరసని బట్టి. బీచీ హెడ్‌ది 20 సెకన్లకి రెండు తెల్ల మెరుపులు. అమెరికాలో మైనాట్స్ లెడ్జ్ ఒకటి, నాలుగు, మూడుగా మెరుస్తుంది. 'ఐ లవ్ యూ' ఇంగ్లీషు అక్షరాల లెక్క కూడా అంతే కాబట్టి అక్కడివాళ్ళు దానికి ఆ పేరే పెట్టేశారు. తిరిగే లెన్స్ ఉన్న చోట ఇంకో తమాషా ఉంది: దీపం ఆరదు, తిరుగుతున్న వెలుగు కిరణం మన మీదుగా పోయినప్పుడే మెరుపు. గాలిలో కొంచెం తేమ ఉంటే ఆ కిరణం సముద్రం మీద తిరగడం స్పష్టంగా కనిపిస్తుంది. ఎల్ఈడీ దీపాలు వచ్చిన చాలాచోట్ల ఇది పోయింది, అవి వెలిగి ఆరుతాయి అంతే. విద్యుత్తు, మరమ్మతుల లెక్కలో అది సబబే కావచ్చు, నాకు మాత్రం వెలితిగానే ఉంటుంది. మీరు వెళ్ళేచోట ఏది ఉందో ముందే కనుక్కుంటే చీకటిదాకా ఆగాలో వద్దో తేల్చుకోవచ్చు.

ఆగేట్టయితే పార్కింగ్ గేటు ఎప్పుడు మూస్తారో దిగగానే చూసుకోండి, చాలాచోట్ల చీకటి పడేసరికి తాళం వేసేస్తారు. ఫోన్ లైటు మీద ఆధారపడకుండా తలా ఒక టార్చి ఉంచుకోండి. గాలి ఆపే జాకెట్ ఎండాకాలంలో కూడా కావాలి. తిరిగి వచ్చేటప్పుడు వచ్చిన దారి కొండ అంచు పక్కనుంచి అయితే, చుట్టైనా సరే లోపలి దారి పట్టుకోండి.