అండం నిద్రపోదు

అమ్మాయ్,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ మొదటి వాక్యం దగ్గరే చిరాకు పుట్టింది. "నలభై ఏళ్లుగా నిద్రపోతున్న అండాన్ని సీడీకే1 అనే మాంత్రికుడు తట్టి లేపుతాడు" అన్నావు. సీడీకే1 కణాన్ని విభజనలోకి నెట్టే ఎంజైమే, ఒప్పుకుంటాను. కానీ అండం నిద్రపోతోందని నీకెవరు చెప్పారు?

నువ్వు మీ అమ్మ కడుపులో ఉండగానే నీ అండాలు క్షయకరణ విభజన (క్రోమోజోములను సగానికి తగ్గించే విభజన) మొదలుపెట్టి, తొలి దశలోనే ఆగాయి. అంతవరకు సరిగ్గానే రాశావు. అయితే 1935లో పింకస్, ఎంజ్‌మన్ కుందేలు అండాన్ని, అది పెరిగే కణాల తిత్తి అయిన ఫాలికిల్‌లోంచి బయటికి తీసి ఉంచితే, ఎవరూ లేపకుండానే అది విభజన మళ్లీ మొదలుపెట్టింది. అంటే లోపల ఉన్నంతకాలం చుట్టూ ఉన్న కణాలు దాన్ని పట్టి ఆపుతున్నాయన్నమాట. ఎలుకల్లో ఈ పట్టు ఎలా ఉంటుందో బాగా తెలిసింది. ఆ కణాల నుంచి సీజీఎంపీ అనే చిన్న సంకేత అణువు అండంలోకి వస్తూ, లోపల ఉన్న అలాంటిదే మరో అణువు సీఏఎంపీ విరిగిపోకుండా కాపాడుతుంది. ఆ సీఏఎంపీ బలంతో వీ1బి అనే కైనేజ్, అంటే ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్, సీడీకే1 మీద ఆ పని చేసి దాన్ని కదలనివ్వదు. ఎల్‌హెచ్ హార్మోన్ అండం విడుదలకు ముందు ఎగసినప్పుడు ఆ సీజీఎంపీ సరఫరా పడిపోతుంది, సీఏఎంపీ విరిగిపోతుంది. సీడీసీ25బి అనే మరో ఎంజైమ్ వచ్చి ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. సైక్లిన్ బి అనే ప్రోటీన్‌తో జతకట్టిన సీడీకే1 పనిలోకి దిగుతుంది, కేంద్రకం పొర విడిపోతుంది. వాలు మీద ఎడ్లబండి నిలిచి ఉందంటే చక్రం కింద ఎవరో రాయి పెట్టారని పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. బండి నిద్రపోతోందని ఎవరూ అనరు.

ఇంత పట్టుబడుతున్నానేమిటి అనుకోకు. సైన్సు రాసేటప్పుడు క్రియాపదం తప్పితే విషయమే తప్పుతుంది. "కీలక పాత్ర పోషిస్తుంది" అని ఏడుచోట్ల రాశావు. ఆ ఏడుచోట్లా అది ఏం చేస్తుందో రాయి. అతికిస్తుందా, ఊడదీస్తుందా, నరికేస్తుందా?

నా మొదటి వ్యాసం కప్ప అండం మీద. 1971లో యోషియో మసూయి, మార్కెర్ట్ చేసిన ప్రయోగం అది. ప్రొజెస్టిరాన్‌తో పండిన, అంటే ఆగిన విభజన మళ్లీ మొదలుపెట్టిన, కప్ప అండంలోంచి సూదితో కాస్త ద్రవం తీసి, హార్మోన్ తగలని మరో అండంలోకి ఎక్కించారు. అదీ పండింది. సగం నల్లగా, సగం పాలిపోయి ఉండే ఆ గుడ్డు నల్లభాగం మీద చిన్న తెల్లచుక్క తేలుతుంది. ఆ చుక్క కనిపిస్తే లోపల కేంద్రకం విడిపోయినట్టే. ద్రవంలో ఉన్నదేమిటో శుద్ధిచేసి చూడటానికి 1988 దాకా పట్టింది. సైక్లిన్ బి, దానితోపాటు ఈస్ట్‌లో పాల్ నర్స్ వెతికి పట్టుకున్న జన్యువు చేసే కైనేజే, అంటే నీ సీడీకే1!

ఆ తెల్లచుక్క పేరా కోసం నెల రోజులు కూర్చున్నాను. సంపాదకుడు "పాఠకులకు కప్పలెందుకమ్మా" అని దాన్ని కొట్టేసి, కైనేజ్ అన్నచోటల్లా నాకే అర్థంకాని సంస్కృత సమాసం పెట్టారు. 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు కణ విభజనను నడిపే అణువులను కనుక్కున్నందుకు నోబెల్ వచ్చిన రోజు ఆయనే ఫోన్ చేసి, తెల్లారేసరికి వ్యాసం కావాలన్నారు. ఆ ముగ్గురిలో మసూయి లేడు కాబట్టి కప్ప మళ్లీ ఎగిరిపోయింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పుడు కూడా చూస్తున్నాను, అవార్డుకు పేజీలు దొరుకుతాయి, ప్రయోగానికి రెండు లైన్లు దొరకవు.

ఇంకో తప్పు. సీడీకే1కి చుట్టమైన సీడీకే2 లేకపోతే ఏ కణమూ విభజన చెందదన్నావు. 2003లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలు బతికాయి, పెరిగాయి. ఆడవీ మగవీ గొడ్డుపోయాయి, అంతే. శరీర కణాలు అది లేకుండా నెట్టుకొచ్చాయి, క్షయకరణ విభజనకు మాత్రం కుదరలేదు. వ్యాసానికి ఇంతకంటే మంచి మలుపు దొరకదు, నువ్వు దాన్ని పారేసుకున్నావు.

నువ్వడిగిన కలంపేరు సంగతి, ఏ పత్రికకు పంపాలన్న సంగతి ఇప్పుడు వద్దు.

మూడో పేజీలో ఎక్కడో రాశావు, ఐవీఎఫ్ సెంటర్ నుంచి వచ్చిన మీ పిన్ని "నాలుగు పండాయంట, మూడు పండలేదంట" అని మంచం మీద కూర్చుండిపోయిందని. నేను కాగితాలు పక్కన పెట్టేసి చాలాసేపు ఉండిపోయాను. ఆ పండని మూడింటిలో విభజన ఎంతవరకు వచ్చి ఆగిందన్నదే కదా నీ వ్యాసమంతా! అక్కడినుంచి మొదలుపెట్టు. ముందు మాత్రం పిన్నిని అడుగు. ఆవిడ వద్దంటే ఆ పేరా తీసేసి పంపు, అయినా చదువుతాను.