జింక వేటకు ఏ కంపెనీ బాణాలు కొనాలి?

మీరు డాలస్ దగ్గర ఉంటున్నారని, 60 పౌండ్ల బలంతో లాగాల్సిన కాంపౌండ్ బౌ (కప్పీలున్న విల్లు) కొన్నారని, మొదటిసారి జింక వేటకు ఈస్టన్, గోల్డ్ టిప్, బ్లాక్ ఈగిల్, విక్టరీ కంపెనీల్లో ఏ షాఫ్టులు (బాణం కాడలు) మంచివో చెప్పమని అడిగారు. నేను టెక్సస్‌లోనే తొమ్మిదేళ్లుగా బాణంతో వేటాడుతున్నాను. ఈ నాలుగింటిలో ఏది కొన్నా మీ పని జరుగుతుంది. స్పైన్, అంటే షాఫ్ట్ గట్టిదనం, తప్పితే మాత్రం ఎంత పేరున్న కంపెనీ అయినా మిమ్మల్ని ఆదుకోలేదు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మొదటి ఏడాది తక్కువకు వస్తున్నాయని ఒక డజను 400 స్పైన్ షాఫ్టులు కొన్నాను. నా బౌ 65 పౌండ్లు, బాణం 29 అంగుళాలు, ముందు 125 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) మొన. పెరట్లో ఫీల్డ్ పాయింట్లతో (బ్లేడ్లు లేని ప్రాక్టీసు మొనలతో) 20 గజాల నుంచి కొడితే అన్నీ అరచేయంత చోటులోనే దిగేవి. దాంతో ధీమా వచ్చేసింది. బ్రాడ్‌హెడ్ (బ్లేడ్లున్న వేట మొన) బిగించి ఒక్కసారి కూడా కొట్టి చూడలేదు. సీజన్‌లో ఒక ఆడజింక 30 గజాల దూరంలో పక్కకి తిరిగి నిలబడింది. ఊపిరితిత్తుల్లో దిగాల్సిన బాణం జానెడు వెనక, పొట్టలో దిగింది. ఆ రాత్రి టార్చిలైట్లు పట్టుకుని, మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు. అది ఎక్కడో పొదల్లో ఎంత బాధపడి చచ్చిపోయిందో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. ఇంటికొచ్చి అదే బ్రాడ్‌హెడ్‌తో టార్గెట్‌కి కొడితే ప్రతి బాణమూ ఆరేడు అంగుళాలు పక్కకే పోయింది.

స్పైన్ అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే నంబరు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్ పెట్టి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. 0.340 అంగుళం వంగితే 340, 0.400 వంగితే 400. నంబరు తగ్గేకొద్దీ షాఫ్ట్ గట్టిదన్నమాట. స్ట్రింగ్ వదలగానే బాణం వంగి, ఊగుతూ వెళ్తుంది. డ్రా వెయిట్ (బౌ లాగడానికి పట్టే బలం) పెరిగినా, బాణం పొడుగైనా, మొన బరువెక్కినా ఆ ఊగడం ఎక్కువవుతుంది. ఫీల్డ్ పాయింట్‌తో ఈ లోపం పెద్దగా బయటపడదు. బ్రాడ్‌హెడ్ బ్లేడ్లు గాలికి దొరికి బాణాన్ని పక్కకి లాగేస్తాయి. నా బౌకి 340 కావాలి, నేను 400 కొన్నాను. జరిగింది అదే.

మీ 60 పౌండ్లకి, 28 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల మొన అనుకుంటే 400 స్పైన్ దగ్గర తేలుతుంది. కంపెనీ చార్టులో రెండు గడుల మధ్య పడితే గట్టిదే తీసుకోండి. బౌ షాపులో డ్రా లెంగ్త్ (మీరు స్ట్రింగ్ లాగే దూరం) కొలిపించుకున్నాకే షాఫ్టులు కోయించండి.

బాణం బరువు విషయంలో, డ్రా వెయిట్ పౌండుకి కనీసం 5 గ్రెయిన్లు ఉండాలని బౌ కంపెనీలే చెబుతాయి. మీకది 300. అంతకన్నా తేలికైన బాణం వేస్తే బాణం లేకుండా వదిలినట్టే, లింబులు (వింటి కొమ్ములు) పగలొచ్చు. జింకకైతే నేను 400 గ్రెయిన్లు దాటాలంటాను. నేనిప్పుడు వాడేది ఈస్టన్ యాక్సిస్ 340, అన్నీ బిగించాక దాదాపు 430 గ్రెయిన్లు, అంటే 28 గ్రాములు. షాఫ్ట్ సన్నగా ఉండటంతో పక్కగాలికి తక్కువ కదులుతుంది. కాకపోతే దాని ఇన్సర్ట్ (మొన బిగించే చిన్న గొట్టం) షాఫ్ట్ లోపలికి పోతుంది, ఎపాక్సీతో ఓపిగ్గా అతికించాలి.

అందుకే మొదటి డజనుకి మీకు గోల్డ్ టిప్ హంటర్ చెబుతాను. మామూలు లావు షాఫ్ట్, ఇన్సర్టులు ఏ షాపులోనైనా దొరుకుతాయి. అందులోనే వంకర .006 అంగుళం లోపు ఉంటే హంటర్, .003 అయితే ఎక్స్‌టీ, .001 అయితే ప్రో. 30 గజాల లోపు నాకెప్పుడూ వాటి మధ్య తేడా కనిపించలేదు. అందుకే హంటర్ కొని, మిగిలే డబ్బుతో ఇంకో ప్యాకెట్ బ్రాడ్‌హెడ్లు కొని, వాటిని ప్రాక్టీసుకే వాడేయండి.

ఇంకొకటి, ఇది మీ చేతి కోసం. కార్బన్ షాఫ్ట్‌ని వేసే ప్రతిసారీ ముందు రెండు చేతులతో కొంచెం వంచి, చెవి దగ్గర పెట్టి వినండి. చిటపటమన్నా, వేలికి చీలిక తగిలినా దాన్ని విరిచి పారేయండి. పగిలిన కార్బన్ స్ట్రింగ్ వదిలినప్పుడు ముక్కలై అరచేతిలోకి దిగుతుంది.

సీజన్‌కి కనీసం నెల ముందు నుంచి, వేటకు తీసుకెళ్లే బ్రాడ్‌హెడ్‌తోనే 20, 30 గజాల్లో కొట్టి చూడండి. రెండు రకాల మొనలూ ఒకే చోట దిగేదాకా అడవిలోకి వెళ్లకండి.