గోల్ పడ్డాక మొదటి నిమిషం

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అండర్-17 అమ్మాయిల జాతీయ జట్టు క్యాంపుకు నీకు పిలుపు వచ్చిందని మీ అమ్మ బంధువులందరికీ చెప్పిందట. గోల్‌కీపర్‌వని చెప్పడం మాత్రం మానేసిందట. చెబితే "అయితే నిలబడి ఉండటమేగా" అంటున్నారట. అననీ. ఆ నిలబడే పని ఎన్నో ఏళ్లు చేసి, ఆ తర్వాత అంతకంటే ఎక్కువ కాలం పిల్లల చేత చేయించినదాన్ని నేను. అందులో బంతి పట్టడం సగమే. పట్టలేకపోయిన బంతి వలలో పడి ఉన్నప్పుడు ఏం చేస్తావన్నది మిగతా సగం. పట్టడం ఎలాగో మీ కోచ్‌లు నాకంటే బాగా నేర్పుతారు. నేను ఆ మిగతా సగం గురించే రాస్తున్నాను.

2022 అక్టోబరు 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఏం జరిగిందో నీకు తెలుసు. మన దేశమే ఆతిథ్యమిచ్చిన అండర్-17 మహిళల ప్రపంచ కప్, మన మొదటి మ్యాచ్, ఎదురుగా అమెరికా. 9వ నిమిషంలో మొదటి గోల్ పడింది. విరామానికి 0-5, ఆట ముగిసేసరికి 0-8. మూడు రోజుల తర్వాత అదే మైదానంలో అదే అమ్మాయిలు మొరాకోతో ఆడారు. విరామానికి స్కోరు 0-0! ఆ 45 నిమిషాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు, ఎందుకంటే తర్వాత ఒక పెనాల్టీతో మొదలై మూడు గోల్స్ పడ్డాయి, ఆపైన బ్రెజిల్‌తో మ్యాచ్‌లో మరో అయిదు. మూడు మ్యాచ్‌లలో 16 గోల్స్ ఇచ్చి ఒక్కటీ కొట్టలేదు. తీపి పూసి చెప్పను, ఘోరంగానే ఓడారు. అయినా నాకు 0-8 కంటే ఆ 0-0 ఎక్కువ గుర్తుంది. ఎనిమిది గోల్స్ సమర్పించుకున్న నాలుగో రోజున పదహారు, పదిహేడేళ్ల పిల్లలు మళ్లీ గోల్ ముందు నిలబడి, అవతలివాళ్లను విరామం దాకా ఆపారు.

ఇక నా సంగతి విను. ఒకసారి రాష్ట్రాల మధ్య పోటీలో, ఆట మొదలైన కాసేపటికే, దొర్లుకుంటూ వచ్చిన ఒక బంతి నా చేతుల కింద నుంచి జారి కాళ్ల సందులోంచి పోయింది. పసిపిల్ల తన్నినా అంతకంటే జోరుగా వచ్చేది. వలలో ఆగిన ఆ బంతిని తీయడానికి నాకు వంగబుద్ధి కాలేదు. ముట్టుకుంటే గోల్ ఒప్పుకున్నట్టే అనిపించింది. దానికి బదులు లేచి నా డిఫెండర్ మీద అరిచాను. పాపం, ఆమె తప్పేమీ లేదు. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు కానీ, అప్పటి నుంచి నాకు వెనక్కి బంతి ఇవ్వడం మానేసింది. కాలికి ఏది తగిలితే దాన్ని గీత బయటికి కొట్టేసింది. అలా ఇచ్చిన ఒక కార్నర్ (మైదానం మూల నుంచి అవతలివాళ్లు కొట్టే కిక్) నుంచి, ఒక త్రో నుంచి మరో రెండు గోల్స్ పడ్డాయి. నా తప్పుకు పడింది ఒక్క గోల్. నా అరుపుకు పడినవి రెండు.

అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ ఒక వరస అలవాటు చేశాను. గోల్ పడగానే బంతిని నువ్వే తీయి. స్ట్రైకర్ వచ్చి వలలో చెయ్యి పెట్టేదాకా ఆగకు. తీసిన బంతిని పట్టుకుని నిలబడకుండా సెంటర్ వైపు తన్నేయి. అవతలివాళ్లు సంబరంలో ఉంటారు, నీకు కాస్త సమయం దొరుకుతుంది. గోల్‌పోస్టు పక్కన పెట్టుకున్న సీసాలోంచి ఒక గుక్క నీళ్లు తాగు. ఎడమ గ్లవ్ పట్టీ చర్రున లాగి మళ్లీ బిగించు, తర్వాత కుడిది. పట్టీలు బిగిసేలోగా నిన్ను నువ్వు ఎంత తిట్టుకోవాలో అంతా తిట్టుకో. బిగిశాక నోరు విప్పితే అది డిఫెండర్‌కు పనికొచ్చే మాటే కావాలి: ముందు పేరు, తర్వాత చేయాల్సిన పని. "పర్వాలేదు, పర్వాలేదు" అని చప్పట్లు కొట్టే కీపర్లంటే నాకు చిరాకు. పర్వా ఉందని పదకొండు మందికీ తెలుసు.

ఇదంతా సాధనలోనే చేయాలి. క్యాంపులో పడే ప్రతి గోల్‌కూ చెయ్యి. మొదటి వారం పిల్లలు నవ్వుతారు.

ఆ పేరు, పని అన్నానే, అక్కడ నీకో చిక్కు ఉంది. నీ డిఫెండర్లలో ఒకరు మణిపూర్ నుంచి, ఒకరు జార్ఖండ్ నుంచి, ఒకరు తమిళనాడు నుంచి వచ్చి ఉండవచ్చు. నీ హిందీ పాఠ్యపుస్తకం చదివినట్టు ఉంటుంది. బంతి గాల్లో ఉన్నప్పుడు వాక్యం కూర్చుకునే తీరిక ఉండదు. బంతి నీదైతే ఏ మాట, వాళ్లు కొట్టేయాలంటే ఏ మాట అన్నది మొదటి రోజే నలుగురితో కూర్చుని తేల్చుకో. బంతి నీదైతే "కీపర్", వాళ్లు కొట్టేయాలంటే ఇంగ్లిష్ "అవే" (away) అన్నవి చాలాచోట్ల చెల్లుతాయి. ఒకసారి అన్నాక వెనక్కి తగ్గకు. "కీపర్" అని అరిచి ఆగిపోయిన కీపర్ కంటే నోరు మెదపని కీపర్ మేలు.

మీ వయసులో గోల్‌కీపర్లకు ఎక్కువగా గోల్స్ పడేది ఎత్తులోనే. గోల్ పైన అడ్డంగా ఉండే క్రాస్‌బార్ ఎత్తు 2.44 మీటర్లు, పెద్ద మగవాళ్లకు ఎంతో నీకూ అంతే. దూరం నుంచి తలమీదుగా వచ్చే బంతికి ముఖం అటే పెట్టి వెనక్కి నడిస్తే పడిపోతావు. పక్కకు తిరిగి, కాలు మీద కాలు దాటిస్తూ వెనక్కి వెళ్లి, పైచేత్తో బార్ మీదికి తోసేయి. పట్టుకోవాలన్న ఆశ వదులుకో. కార్నర్ ఇచ్చినందుకు నిన్నెవరూ ఏమీ అనరు. అంతర్జాతీయ మ్యాచ్‌లలో అలాంటి షాట్లు వెతికి మరీ కొడతారు, ఎందుకంటే అవతలి కోచ్ కూడా నీ ఎత్తు చూసుకునే ఉంటారు.

ఇంకో కొత్త సంగతి. 2025 జులై నుంచి నియమం మారింది. బంతిని చేతుల్లో 8 సెకన్లకు మించి ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్ ఇస్తారు. చివరి 5 సెకన్లను రిఫరీ చెయ్యెత్తి లెక్కపెడతారు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు బంతి మీద పడుకునే కీపర్ల కాలం పోయింది. 2025 ఆగస్టులో యాంగోన్‌లో మన అండర్-20 అమ్మాయిలు మయన్మార్ మీద 1-0తో గెలిచి, 20 ఏళ్ల తర్వాత ఆసియా కప్‌కు వెళ్లారు. 27వ నిమిషంలో పూజ కొట్టిన గోల్‌ను గంటకు పైగా కాపాడుకున్నారు, అదీ మయన్మార్ గడ్డ మీద. నీకూ అలాంటి గంట రావచ్చు. చేతిలోకి వచ్చిన బంతిని ఎవరికి ఇవ్వాలో అది చేతిలోకి రాకముందే చూసి పెట్టుకో.

ఒకవేళ నిన్ను ఆడించకపోతే? ఆ మాటా అనుకుందాం. 2022 ప్రపంచ కప్‌లో ఒక్కో జట్టుకు 21 మంది, అందులో ముగ్గురు కీపర్లు. మైదానంలో ఉండేది ఒక్కరే. బెంచీ మీద ముఖం వేలాడేస్తే కోచ్‌కు కనిపిస్తుంది, అంతకంటే ముందు ఆడుతున్న కీపర్‌కు కనిపిస్తుంది. 2025 అక్టోబరులో కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో మన అండర్-17 జట్టు ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-1తో వెనకబడింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన తండమణి బాస్కే స్కోరు సమం చేస్తే, అనుష్క కుమారి రెండో గోల్ కొట్టింది. ఆసియా కప్‌కు దారి దొరికింది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ అలిగి ఉంటే దిగీ దిగగానే అలా ఆడటం కుదరదు.

తప్పు చేసిన రాత్రి ఫోన్ మేనేజర్‌కు ఇచ్చేయి. మెచ్చుకునేవాళ్లవి కూడా చదవకు. నిద్ర రాకపోతే కొలంబియా అమ్మాయి అనా మరియా గుజ్మన్‌ను తలుచుకో. ఆ 2022 ప్రపంచ కప్ ఫైనల్ అక్టోబరు 30న నవీ ముంబయిలో జరిగింది. 82వ నిమిషంలో బంతి ఆమెకు తగిలి సొంత గోల్‌లోకి వెళ్లింది. స్పెయిన్ 1-0తో కప్పు ఎత్తుకుపోయింది. 2023 ఆగస్టులో, అంటే ఏడాది కూడా తిరగకముందే, సీనియర్ ప్రపంచ కప్ ప్రీక్వార్టర్ ఫైనల్లో జమైకాపై ఆమెను ఆడించారు. ఆ మ్యాచ్‌లో ఏకైక గోల్ కాటలీనా ఉస్మే కొట్టింది. ఆ బంతిని ఎడమవైపు నుంచి అందించింది గుజ్మన్. సొంత గోల్ వేసుకున్న పిల్ల అని ఆమెను ఇంటి దగ్గర కూర్చోబెట్టలేదు చూశావా!

చిన్న చిన్న జాగ్రత్తలు రెండు. దూకి ఒంటికాలి మీద దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలనివ్వకు. మోకాలి లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే ఎక్కువ. గాయాలు తగ్గించడానికి చేయించే ఫిఫా 11 ప్లస్ వార్మప్ 20 నిమిషాలు విసుగ్గా ఉంటుంది, అయినా ఎగ్గొట్టకు. జలుబు చేసినా దగ్గు వచ్చినా టీం డాక్టర్‌ను అడగకుండా మాత్ర వేసుకోకు. మీ అమ్మ పెట్టె అడుగున దాచి పంపేవి కూడా. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు దాటితే డోపింగ్ పరీక్షలో దొరుకుతుంది.

గ్లవ్స్ రెండు జతలు కొని పంపుతున్నాను. ఒక జతను క్యాంపులోనే వాడి మెత్తబరచు, మ్యాచ్‌కు అవే వేసుకో. మొదటి మ్యాచ్ అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. స్కోరు నేను చూసుకుంటాను, నువ్వు చెప్పనక్కర్లేదు. గోల్ పడి ఉంటే మాత్రం, వలలోంచి బంతి ఎవరు తీశారో చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మ