ఆ ఫారం నువ్వే నింపు, అల్లుడూ

అల్లుడూ,

మొన్న ఫోన్లో "ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా అత్తా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అన్నావు. ఇంటినిండా చుట్టాలుండి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్లు ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చున్నదాన్ని, నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను? నోటిమాటగా చెబితే మర్చిపోతావని రాస్తున్నాను. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఆఫీసు పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. నువ్వు మానేసినా, వాళ్లు మాన్పించినా దానితోపాటే పోతుంది. అప్పుడు కొత్తగా తీసుకుంటే లెక్క మళ్లీ మొదటినుంచి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకైతే 36 నెలల దాకా ఆగమంటారు. ఒకప్పుడు 48 నెలలుండేది, 2024లో తగ్గించారు. ఆ ఆగే కాలం ఏదో నీకు ముప్పై రెండేళ్లుండగా, ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడే గడిచిపోవాలి. నువ్వూ అమ్మాయీ పాపాయీ ముగ్గురూ కలిసి, ఒకే మొత్తాన్ని ఇంటిల్లిపాదీ వాడుకునే ఫ్లోటర్ తీసుకోండి. అమ్మానాన్నల్ని మాత్రం అందులో కలపొద్దు. ఫ్లోటర్‌లో ప్రీమియం అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి లెక్కకడతారు. మీ నాన్న 63 ఏళ్లు మీ ముగ్గురి నెత్తిన పడతాయి. పైగా ఆయన ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే పాపాయికి మిగలాల్సిన మొత్తం ఖర్చయిపోతుంది. వాళ్లిద్దరికీ విడిగా తీసుకో. ప్రీమియం ఎక్కువే ఉంటుంది, గుండె దిటవు చేసుకో. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అంతవరకు మేలు.

ఇక అసలు సంగతి. ఫారం నువ్వే నింపు. ఏజెంటు ఎంత మంచివాడైనా, మనవాడైనా సరే, "సంతకాలు పెట్టండి సార్, మిగతాది నేను చూసుకుంటా" అంటే పెట్టొద్దు.

మీ మామయ్య విషయం నీకు సగమే తెలుసు. ఆయన స్టెంటుకి ఇన్సూరెన్స్ డబ్బు రాలేదని తెలుసు, ఎందుకు రాలేదో నీకెవరూ చెప్పలేదు. కంపెనీవాళ్లు పంపిన ఫారం కాపీ చూస్తే అడుగున ఆయన సంతకం నీలి ఇంకుతో ఉంది. పైన ప్రశ్నలన్నిటికీ "లేదు" అని పెట్టిన టిక్కులు నల్ల ఇంకుతో ఉన్నాయి. బీపీ ఉందా? లేదు. మందులు వాడుతున్నారా? లేదు. ఆయనేమో అప్పటికి ఐదేళ్లుగా రోజూ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఆయన అబద్ధం చెప్పలేదురా, ఆ ప్రశ్నే ఎవరూ అడగలేదు. కానీ సంతకం ఆయనది. రోజూ పదిమంది క్లెయిములు చూసేదాన్ని, నా ఇంటి ఫారం నేను చదవలేదు. ఆ బిల్లుకి నా గాజులు వెళ్లాయి. గాజులు పోతే పోయాయి. మంచం మీద పడుకుని ఆయన "నేనేం తప్పు చేశాను?" అని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు.

అందుకని మీ నాన్నకు షుగర్ ఉందని రాయి. ఏ ఏడాది బయటపడిందో, ఏ మందులు వాడుతున్నారో రాయి. అమ్మకు థైరాయిడ్ ఉంటే అదీ రాయి, ఎప్పుడో గర్భసంచి తీయించుకున్న సంగతీ రాయి. ప్రీమియం పెంచుతారు, పెంచనీ. ఒక కంపెనీ ఇవ్వనంటే ఇంకో కంపెనీని అడుగు. పాలసీ చేతికి వచ్చాక నింపిన ఫారం కాపీ అందులోనే ఉంటుంది, ఒక్కో గడీ చదువు. నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచాక, మోసమని రుజువైతే తప్ప, ఫలానాది చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. కానీ ఆ ఐదేళ్ల ధైర్యంతో ఇప్పుడు దాచొద్దు.

ఫారం సరిగ్గా నింపినవాళ్లు కూడా చిక్కుల్లో పడే చోటు ఒకటుంది. ఇది బయటివాళ్లకు తెలియదు, కౌంటర్లో కూర్చుంటేనే తెలుస్తుంది. ఆసుపత్రిలో చేర్చిన రాత్రి డ్యూటీ డాక్టర్ అడుగుతాడు: "షుగర్ ఎన్నాళ్లుగా?" పక్కనున్నవాళ్లు కంగారులో "చాలా ఏళ్ల నుంచండీ, పదేళ్లుంటుంది" అనేస్తారు. అది కేస్ షీట్లోకి ఎక్కుతుంది. ఒకబ్బాయి ఇలాగే తల్లి గురించి అన్నాడు. పాలసీ తీసుకుని మూడేళ్లు, ఆమెకు షుగర్ బయటపడి నిజానికి రెండేళ్లే. కంపెనీ ఆ పదేళ్ల మాట పట్టుకుని, ముందే ఉన్న షుగర్ దాచారని పైసా ఇవ్వనంది. మొదటిసారి షుగర్ తేలిన రక్తపరీక్ష కాగితం, తేదీతో సహా, వాళ్ల బీరువాలో చీరల కింద దొరికింది. దాంతోపాటు వాళ్లూళ్లో డాక్టరు చేత ఉత్తరం రాయించి నాలుగు నెలలు తిరిగితే డబ్బొచ్చింది. ఆ కాగితమే లేకపోతే? అందుకే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు పెట్టు. మొదటి పేజీలో ఏ జబ్బు, ఏ తేదీన తేలింది, ఏ మందు, ఎంత మోతాదు అన్నది పెద్ద అక్షరాలతో రాయి. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు చెప్పుల కంటే ముందు ఆ ఫైలు చేతిలోకి రావాలి. డాక్టర్ అడిగితే నోటితో కాదు, అది చూసి చెప్పండి.

గది విషయం కూడా చాలామందిని ముంచుతుంది. పాలసీలో రోజుకు 5,000 గది అని ఉంటే, "పాపం నాన్న సుఖంగా ఉంటారు" అని 10,000 గది తీసుకుంటారు. తేడా 5,000 చేతినుంచి కడితే సరిపోతుందనుకుంటారు. అలా కాదు. ఆ నిష్పత్తిలోనే డాక్టర్ ఫీజూ, నర్సింగూ, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలూ కోస్తారు. ఆ పద్దులు 2 లక్షలైతే లక్షే వస్తుంది. మందులకూ పరీక్షలకూ ఈ కోత ఉండకూడదు, అయినా మిగతాది చాలదూ? గది అద్దెకు పరిమితి లేని పాలసీ చూసుకో. కో-పేమెంట్ అన్న మాట ఎక్కడుందో వెతుకు. అది 20 శాతం అంటే ప్రతి లక్షలో 20 వేలు నీ జేబులోంచే.

క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) అడిగిన గంటలోపు కంపెనీ జవాబివ్వాలి, డిశ్చార్జ్‌కి తుది అనుమతి మూడు గంటల్లోపు రావాలి. ఇది 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపుచేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన. ఆలస్యమైతే ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి మీద అరవొద్దు, ఆమె చేతిలో ఏమీ ఉండదు. కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టు. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా రాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి తగవులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లు. మనకు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

నాయనమ్మ సంగతి మీ నాన్నకు గుర్తు చెయ్యి. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. ఆధార్ ఉంటే చాలు. కార్డు తీసుకున్నాక మనం వెళ్లే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి, ఆపద వేళ కాదు.

డబ్బు మాట. ఏడాది ప్రీమియాలన్నీ కూడి పన్నెండుతో భాగించు. జీతం పడిన మర్నాడే ఆ వంతు వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. మిగిలితే కడదాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. గడువు దాటినా 30 రోజుల్లోపు కడితే పాత పాలసీ కొనసాగుతుంది కానీ, ఆ సందులో జబ్బు చేస్తే ఎవరూ ఆదుకోరు. ఇక పాలసీ ఎంత గొప్పదైనా చేర్చేటప్పుడు అడ్వాన్స్ అడుగుతారు, గ్లౌజులూ మాస్కుల్లాంటివి బిల్లులోంచి తీసేస్తారు, పక్కన ఉండేవాళ్ల తిండీ తిరుగుడూ ఉంటాయి. కనీసం మూడు నెలల ఇంటిఖర్చు కదల్చకుండా ఉంచు. చీటీ పాడుకుందాంలే అనుకోకు, అవసరం వచ్చిన నెల పాట నీదాకా వస్తుందని ఏముంది? ఆ ఖాతా నీ ఒక్కడి పేరున వద్దు, అమ్మాయి పేరు కూడా ఉండాలి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. మంచం మీద ఉండేది నువ్వే కావచ్చు కదా. మాట కటువుగా ఉందని నొచ్చుకోకు నాన్నా, భర్త ఏటీఎం పిన్ తెలియక ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చిన ఆడపిల్లల్ని చూశాను.

మీ నాన్న మాత్రలు మానేస్తున్నారని వదిన చెప్పింది. షుగర్ నార్మల్‌కి వచ్చిందట, అందుకని! మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే వచ్చిందని నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంది, హెచ్‌బీఏ1సీ, అది చేయించు. ఏడాదికోసారి కళ్లూ కిడ్నీలూ చూపించాలి. పాదాలు రోజూ వదిన చూడాలి, చిన్న పుండైనా వదలొద్దు.

వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. అప్పటిదాకా ఏ ఏజెంటుకీ మాటివ్వకు. మీ నాన్న పాత రిపోర్టులన్నీ తీసి తేదీల వరసలో పెట్టి ఉంచు, ముఖ్యంగా షుగర్ మొదటిసారి తేలిన కాగితం. నా కళ్లద్దాలు తెచ్చుకుంటాను. ఇద్దరం కూర్చుని ఫారం ఒకే పెన్నుతో నింపుదాం.

పాపాయికి ముద్దులు.

మీ అత్త