షెడ్‌లోకి వస్తానంటున్న కొడుకు: ముందు పరాయి చోట పని నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మాది హైదరాబాద్. మా నాన్నగారు అంబాసిడర్, ఫియట్ రోజుల్లో చిన్న మెకానిక్ షెడ్ పెట్టారు. నేను ఇరవై ఏళ్లుగా ఆడి, ఫోక్స్‌వ్యాగన్, పోర్షే కయెన్ పనులు చేస్తున్నాను. ఈ మధ్య వారంటీ దాటిన స్పోర్ట్స్ కార్లు కూడా ఒకటీ అరా వస్తున్నాయి. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. చదువు అయిపోగానే షెడ్‌లోకి వచ్చేస్తానని, ఫెరారీలు, లాంబోర్గినీలు బాగుచేసే షాపుగా, పాత స్పోర్ట్స్ కార్లను రీస్టోర్ చేసే, అంటే మళ్లీ పూర్వపు స్థితికి తెచ్చే షాపుగా దాన్ని మారుస్తానని అంటున్నాడు. వాళ్లమ్మ అమెరికా పంపి ఎంఎస్ చేయిద్దామంటోంది. వాడు వస్తే నాకు సంతోషమే, కానీ భయంగా కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న దారి మంచిదే. కానీ పట్టా చేతికి రాగానే మీ షెడ్‌లోకి రానివ్వకండి. కనీసం మూడేళ్లు ఇంకొకరి దగ్గర, జీతానికి పనిచేసి రావాలి. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉంటే మిగతావన్నీ సర్దుకుంటాయని నా నమ్మకం.

ఎందుకో చెప్తాను. మీ షెడ్‌లో వాడు ఓనర్ కొడుకు. బోల్టు మర పోగొట్టినా మీ పాత మిస్త్రీ ఏమీ అనడు, మౌనంగా తనే సరిచేస్తాడు. మారుతి కారుకైతే అది చెల్లుతుంది. ఈ కార్లకు చెల్లదు. 991 తరం పోర్షే 911 జీటీ3 చక్రానికి అయిదు బోల్టులు ఉండవు, నడిమధ్యన ఒకే పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని 600 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలానికి కొలత ఇది) బిగించాలి. చేతి అంచనాతో బిగించే పని కాదది. సిరామిక్ బ్రేకులున్న కారుకి చక్రం తీసేటప్పుడు రిమ్ము డిస్కు అంచుకి తగిలిందంటే చాలు, అంచు పెచ్చు ఊడుతుంది. ఆ ఒక్క డిస్కు ధరే లక్షల్లో ఉంటుంది. ఇలాంటి చోట తప్పు చేసినప్పుడు ముఖం మీద చెప్పే సీనియర్ ఉండాలి. తండ్రి షెడ్‌లో అలాంటి మనిషి దొరకడు.

ఎక్కడ చేరాలి? మీ షెడ్ ఇప్పటికే ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్ల మీద (ఆడి, పోర్షే, లాంబోర్గిని కూడా ఆ గ్రూపువే) నడుస్తోంది కాబట్టి ఆడి లేదా పోర్షే డీలర్ సర్వీస్ సెంటర్లో చేరడం మంచిది. అయితే ఒక జాగ్రత్త. బీటెక్ చదివిన కుర్రాణ్ని చూడగానే అక్కడ సర్వీస్ అడ్వైజర్‌గా తీసుకోవాలనుకుంటారు. ఇస్త్రీ చొక్కా, ఏసీ గది, కస్టమర్లతో మాట్లాడటం, ఎస్టిమేట్ రాయడం. అది కూడా నేర్చుకోవలసిందే, ఆరు నెలలు చాలు. ఆ కుర్చీలోనే మూడేళ్లు కూర్చుంటే చేతికి పని రాదు. జీతం తక్కువైనా టెక్నీషియన్ లైన్లోనే చేరమనండి. డిగ్రీ చదివి పానా పట్టుకున్నాడని చుట్టాలు అంటారు. అననివ్వండి. చదువు పరంగా ఇంకో మెట్టు కావాలనుకుంటే పుణె ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెర్సిడెస్ బెంజ్ సహకారంతో 2002 నుంచి ఆటోమోటివ్ మెకట్రానిక్స్ (కారు యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిపి నేర్పేది) అడ్వాన్స్‌డ్ డిప్లొమా నడుస్తోంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఏడాది కోర్సు. కారు ఎలక్ట్రానిక్స్ పట్టుబడటానికి బాగా పనికొస్తుంది.

ఇక ఎంఎస్ సంగతి. మీ ఆవిడ ఆలోచన వెనక ఉన్నది బిడ్డ భద్రత, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఎంఎస్ ఈ పని నేర్పదు. క్లెమ్సన్ లాంటి యూనివర్సిటీల్లో ఆటోమోటివ్ ఇంజనీరింగ్ ఎంఎస్ చాలా బాగుంటుంది, అయితే అది కొత్త కార్లను డిజైన్ చేసే ఇంజనీర్లను తయారుచేస్తుంది. చదువయ్యాక అక్కడే ఏదైనా రీస్టోరేషన్ షాపులో పని నేర్చుకుంటానంటే వీసా దగ్గర చిక్కు వస్తుంది. హెచ్1బీ వీసా డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకు ఇచ్చేది, మెకానిక్ పనిని ఆ లెక్కలోకి తేవడం చాలా కష్టం. అప్పు చేసి ఎంఎస్ చేయించి, ఆ అప్పు షెడ్ ఆదాయంతో తీర్చాలనే ఆలోచన ఉంటే మాత్రం దయచేసి మానుకోండి.

రీస్టోరేషన్‌కే ప్రత్యేకంగా డిగ్రీ ఇచ్చే కాలేజీ అమెరికాలో ఒకటుంది, కాన్సస్ రాష్ట్రంలోని మెక్‌ఫర్సన్ కాలేజీ. 1976లో మొదలైన ఈ కోర్సు తర్వాత నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ అయింది. అక్కడి విద్యార్థులు 1953 నాటి మెర్సిడెస్ 300ఎస్ కారును ఏళ్ల తరబడి రీస్టోర్ చేసి, 2023లో కాలిఫోర్నియాలో జరిగే పేరున్న పాత కార్ల పోటీ, పెబుల్ బీచ్ ప్రదర్శనలో నిలబెట్టి, తమ విభాగంలో రెండో స్థానం తెచ్చుకున్నారు. మీవాడికి ఇది తెలియాలి. ఈ పని ఎంత లోతైనదో అర్థమవుతుంది. కానీ బీటెక్ చేశాక మళ్లీ నాలుగేళ్ల డిగ్రీకి అంత ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఇప్పుడు షాపు గురించి. మీ అబ్బాయి ఫెరారీ అంటున్నాడు. ఆ బోర్డు ఇప్పుడే వద్దు. ఆ కార్లు ఒకదానికొకటి ఎంత వేరో చూడండి. 1994లో వచ్చిన ఎఫ్355లో టైమింగ్ బెల్టు (ఇంజన్ లోపలి భాగాల కదలికను ఒక లయలో ఉంచేది) మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి. దాని తర్వాత వచ్చిన 360 మొడెనాలో సీట్ల వెనక మూత తీసి, ఇంజన్ దించకుండానే బెల్టు మార్చవచ్చు. ఆ తర్వాతి ఎఫ్430లో బెల్టే లేదు, చెయిను. మూడు తరాల్లో మూడు పద్ధతులు. ఒక మోడల్ మీ దగ్గరకు రెండేళ్లకు ఒక్కటి వస్తే ఎంత తెలివైనవాడికైనా చేయి తిరగదు. అసలు దేశంలో ఉన్న బండ్లే తక్కువ. లాంబోర్గిని 2024లో మన దేశమంతా కలిపి అమ్మినవి 113. అందులోనూ కొత్తవి వారంటీలో ఉంటాయి, మీ గుమ్మం తొక్కవు.

మీకున్న అసలు బలం వేరే చోట ఉంది. ఆడి ఆర్8 వీ10 ఇంజన్, లాంబోర్గిని గల్లార్డో, హురకాన్ ఇంజన్లు ఒకే కుటుంబానివి. పోర్షే కయెన్, ఆడి క్యూ7 ఒకే పునాది మీద కట్టినవి. ఇరవై ఏళ్లు ఈ గ్రూపు కార్ల వైరింగు, గేర్‌బాక్సులు, సెన్సర్లు చూసిన మీకు 911, ఆర్8, గల్లార్డో వైపు వెళ్లడం పక్క వీధిలోకి వెళ్లినంత దగ్గర. ఫెరారీ మాత్రం పరాయి ఊరు. కాబట్టి రోజువారీ ఆడి, కయెన్ పనులు షెడ్‌ను పోషించాలి, నెలకు రెండు మూడు స్పోర్ట్స్ కార్లు దాని మీద నిలబడాలి. తిండి పెట్టే పనిని చిన్నచూపు చూసి ఆపేస్తే ఏడాదిలో లిఫ్టు కిస్తీ కట్టలేని స్థితి వస్తుంది.

స్పేర్ పార్టుల కష్టం మీకు నేను చెప్పక్కర్లేదు. బయటి షెడ్లకు పార్టులు, రిపేరు సమాచారం ఇవ్వడం లేదని వ్యాపారాల్లో పోటీ సరిగా ఉండేలా చూసే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ కేసు అప్పీళ్లలో పడింది. కంపెనీ స్కానర్‌తోనే తెరుచుకునే పనులు ఈ కార్లలో చాలా ఉంటాయి కాబట్టి, ఏ పని మీ దగ్గర జరుగుతుందో, ఏది డీలర్ దగ్గరికే వెళ్లాలో కారు దించుకునే ముందే ఓనర్‌కి చెప్పేయండి. అలా చెప్పిన షెడ్‌కే రెండోసారి కారు వస్తుంది.

రీస్టోరేషన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కుటుంబాలు చితికిపోయేది ఇక్కడే. రిపేరుకి వచ్చిన కారు వారంలో వెళ్లిపోతుంది. రీస్టోరేషన్‌కి వచ్చినది ఏడాది, రెండేళ్లు మీ షెడ్‌లో ఒక మూల ఆక్రమించుకుని కూర్చుంటుంది. "మొత్తం పనికి ఇంత" అని ఒప్పుకున్నారా, నష్టపోయినట్టే. రంగు గీకేదాకా కింద ఎంత తుప్పు ఉందో, ఎవరు ఎంత పుట్టీ కుక్కారో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ రంగు మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. రంగు మందం కొలిచే గేజి పెట్టినప్పుడు 800 చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే. ముందు కారును విప్పి, ఫొటోలు తీసి, తనిఖీ చేసినందుకే విడిగా డబ్బు తీసుకోండి. తర్వాత ఎన్ని గంటల పని జరిగితే అన్ని గంటలకు నెలనెలా బిల్లు. అడ్వాన్సు అయిపోగానే పని ఆగుతుందని కాగితం మీద రాసుకోవాలి. ఒక కారు అడ్వాన్సుతో ఇంకో కారుకి పార్టులు కొన్న రోజున మీ పతనం మొదలవుతుంది. నేను కౌన్సెలింగ్‌లో చూసిన కుటుంబ వ్యాపారాల్లో మునిగినవి ఎక్కువగా ఇలా మునిగినవే.

ఇంకో సంగతి మీ అబ్బాయి మనసుకు ఎక్కాలి. రీస్టోరేషన్ అంటే మెరిపించడం కాదు. 2024లో పెబుల్ బీచ్‌లో మొత్తం ప్రదర్శనకే ఉత్తమ కారుగా గెలిచినది 1934 నాటి బుగాటీ టైప్ 59. దాన్ని ఎప్పుడూ రీస్టోర్ చేయలేదు. పగిలిన రంగుతో, వయసు మచ్చలతో అలాగే నిలబడి గెలిచింది. అసలు రంగు, అసలు తోలు, కారుతో పుట్టిన ఇంజన్ నంబరు, ఇవే విలువ. కాబట్టి విప్పిన ప్రతి పాత పార్టునీ పేరు రాసి డబ్బాలో పెట్టి, కారుతో పాటు ఓనర్‌కి తిరిగి ఇచ్చేయాలి. వీలైతే ఓ ఆదివారం వాణ్ని చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లి, నిజాం కుటుంబపు 1912 రోల్స్ రాయిస్ చూపించండి. స్పోర్ట్స్ కారు కాకపోయినా, పాత వస్తువు దగ్గర చేతులు ఎంత నెమ్మదిగా ఆడాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

మన దగ్గర 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, కానీ వాటిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. అంటే ఈ కస్టమర్లు ఇష్టం కొద్దీ ఖర్చుపెట్టేవాళ్లు, తొందరపడరు, కానీ సంఖ్యలో కొద్దిమందే. మొదటి అయిదేళ్లు రీస్టోరేషన్ ఒకసారికి ఒక్క కారు మించకూడదు.

మీ ఆరోగ్యం గురించి, వాడి ఆరోగ్యం గురించి ఒక మాట. టూకే క్లియర్ కోట్ (రంగు మీద మెరుపు కోసం కొట్టే పారదర్శకమైన పూత) స్ప్రే చేసేటప్పుడు అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, ఒకసారి ఆస్తమా పట్టుకుంటే వదలదు. ముక్కుకి రుమాలు కట్టుకుని రంగు కొట్టే అలవాటు మీ షెడ్‌లో ఉంటే ఈ నెలే ఆపించండి. గాలి బయటి నుంచి అందే మాస్కు లేకుండా ఎవరూ స్ప్రే గన్ పట్టకూడదు. అలాగే కొత్త లాంబోర్గిని రెవుల్టో, ఫెరారీ 296 లాంటివి హైబ్రిడ్‌లు. హై వోల్టేజి శిక్షణ తీసుకోకుండా వాటి నారింజ రంగు వైర్లు ముట్టుకోవద్దని చెప్పండి. డీలర్ దగ్గర పనిచేసే రోజుల్లోనే ఆ శిక్షణ వాడికి దొరుకుతుంది.

మూడేళ్లయ్యాక వాడు తిరిగి వచ్చేటప్పుడు జీతం ఎంతో ముందే అనుకోండి. "ఇదంతా నీదే కదరా" అని చేతిలో ఖర్చులకు డబ్బు పెట్టడం జీతం కాదు. నెల మొదటి తారీఖున బ్యాంకులో పడాలి. వాటా ఎప్పుడు, ఎంత, ఎస్టిమేట్ మీద ఆఖరి మాట ఎవరిది, ఇవన్నీ ఆడిటర్ ముందు కూర్చుని రాసుకోండి. ఇంట్లో అన్నం తినేటప్పుడు షెడ్ గొడవలు మాట్లాడకూడదని నియమం పెట్టుకున్న తండ్రీకొడుకులు నాకు తెలుసు, వాళ్ల షాపు ఇప్పటికీ కలిసే నడుస్తోంది. షెడ్‌లో ఉన్న కార్లకు నష్టం జరిగితే భరించేలా మోటార్ ట్రేడ్ పాలసీలో ఇంటర్నల్ రిస్క్ కవర్ ఉందో లేదో ఏజెంటుని అడగండి. కోటి రూపాయల కారు రాత్రి మీ తాళం కింద ఉన్నప్పుడు మీరు నిద్రపోగలగాలి. టెస్ట్ డ్రైవ్‌కి ఎవరు వెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది జాబ్ కార్డులో రాయాలి. ఓనర్ అనుమతి లేకుండా ఆయన కారుతో ఒక్క రీల్ కూడా తీయకూడదు. కుర్రాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, ఓనర్లకు కాదు.

ఇటలీలో సెర్జియో స్కాలియెట్టి అనే ఆయన ఉండేవాడు. తండ్రి పోవడంతో పదమూడేళ్లకే బాడీ షాపులో పనికి కుదిరాడు. తర్వాత అన్నతో కలిసి షెడ్ నడిపాడు. దెబ్బతిన్న ఒక ఫెరారీని ఓనర్ ఆయన దగ్గర బాగుచేయిస్తే, ఆ పనితనం ఫెరారీ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ కంటపడింది. ఆ తర్వాత స్కాలియెట్టికే రేసు కార్ల బాడీలు కట్టే పని వచ్చింది. ఇసుక సంచి మీద అల్యూమినియం రేకు పెట్టి సుత్తితో కొట్టి ఆకారం తెచ్చేవాడు. మీవాడికి ఈ కథ చెప్పండి. అందులో రిపేరు పనే ముందు వచ్చిందని గుర్తుచేయండి.

ఈ వేసవి సెలవుల్లో ఒక పరీక్ష పెట్టి చూడండి. షెడ్‌కి వచ్చిన ఒక కారు మొదటి నుంచి చివరిదాకా వాడికి అప్పగించండి. జాబ్ కార్డు వాడే రాయాలి, విప్పే ముందు ఫొటోలు వాడే తీయాలి, మీ మిస్త్రీ పక్కన హెల్పర్‌గా వాడే నిలబడాలి. అనుకున్నదానికంటే బిల్లు పెరిగితే ఓనర్‌కి ఫోన్ చేసి చెప్పేది కూడా వాడే. మీరు పక్కన కూర్చుని వినండి, మధ్యలో ఫోన్ లాక్కోవద్దు. ఆ సాయంత్రం మీ ఆవిడని కూడా కూర్చోబెట్టి, ఆ ఒక్క కారు మీద పార్టులకు ఎంత పోయింది, జీతాలకు ఎంత, అద్దెకు ఎంత, చివరికి మిగిలింది ఎంత అనేది కాగితం మీద వాడి చేతే లెక్క వేయించండి. ఆ కాగితం చూశాక కూడా వాడు ఇదే మాట మీద ఉంటే, డీలర్లకు దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టవచ్చు.