క్లబ్‌లో చేరడానికి మీ స్పీడు చాలు

నాలుగు నెలలుగా ఒంటరిగా సైకిల్ తొక్కుతున్నారు, గంటకు 20 కిలోమీటర్లు దాటడం లేదు, సైక్లింగ్ క్లబ్‌లో చేరితే అందరికీ భారమవుతానేమోనని మీ టెన్షన్. చేరండి. కాకపోతే ముందు ఒక మాట అడగండి: వెనకబడిన వాళ్ల కోసం ఆగుతారా, లేదా? ఆగుతామంటే సగటు వేగం, దూరం కూడా కనుక్కుని, మీరు ఒంటరిగా హాయిగా తొక్కగలిగేంత దూరం రైడ్‌తోనే మొదలుపెట్టండి. ఆగబోమంటే అది ఇప్పుడు మీకు తగిన గుంపు కాదు.

ఇంకో సంగతి, ముందు సైకిల్ వెనకాలే వెళ్తే ఎదురుగాలి బాగా తక్కువ తగులుతుంది. అందుకే ఒంటరిగా 20 దగ్గర ఆగేవాళ్లు కూడా గుంపులో అంతే శ్రమతో ఇంకాస్త వేగంగా వెళ్లగలుగుతారు.

కానీ అలా దగ్గరగా తొక్కడం నేర్చుకోవాలి. నా మొదటి రైడ్‌లో నా ముందు చక్రం ముందున్న సైకిల్ వెనక చక్రం పక్కకి జానెడు చొచ్చుకెళ్లింది. ఆయన గుంత తప్పించడానికి కాస్త పక్కకి జరిగారు, చక్రాలు రాసుకున్నాయి, పడింది నేను. మోచెయ్యి చీరుకుపోయింది. చక్రం పక్కకి చక్రం పోనివ్వకండి, సడన్ బ్రేక్ వేయకండి, గుంత కనబడితే చేత్తో చూపించండి. మొదట్లో ఒక సైకిల్ పొడవు ఎడం ఉంచినా ఎవరూ ఏమీ అనుకోరు.

స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే టైర్ లివర్లు, చిన్న పంపు మీవి మీరే తీసుకెళ్లండి. పంక్చర్ వేయడం రాకపోయినా పర్లేదు, పక్కవాళ్లు దగ్గరుండి నేర్పిస్తారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. రెండు మూడు రైడ్లు వెళ్లాక నచ్చితేనే సభ్యత్వం కట్టండి.