మూడేళ్ల బాబుకి వినపడదని తేలింది. సైగలు నేర్పొచ్చా? ఏ బడిలో వేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి బాబుకి రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువని బెరా (చప్పుడుకి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే) పరీక్షలో తేలింది. కాక్లియర్ ఇంప్లాంట్‌కి (ఆపరేషన్‌తో చెవి లోపల పెట్టే వినికిడి పరికరానికి) దరఖాస్తు పెట్టారు. సైగలు అలవాటైతే ఇక మాట రాదని ఎవరో చెప్పడంతో ఇంట్లో ఎవరూ వాడికి సైగ చేయడం లేదు. మా అమ్మాయికీ పుట్టుకతోనే వినపడదు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ అనుభవంతో చెప్తున్నా.

సైగలు మొదలుపెట్టేయండి. ఆపరేషన్ అయ్యేదాకా, ఆ తర్వాత మెషిన్ ఆన్ చేసేదాకా, ఆ వచ్చే చప్పుడు ఏమిటో వాడికి అర్థమయ్యేదాకా చాలా కాలం పడుతుంది. అంతవరకు పిల్లాణ్ణి ఏ భాషా లేకుండా ఉంచకూడదు. అన్నం, నీళ్లు, ఉచ్చ వరకు ఎవరైనా ఎలాగో నెట్టుకొస్తారు. "నాన్న సాయంత్రం వస్తాడు", "ఆ కుక్క కరవదు", "సూది ఇప్పుడు కాదు, రేపు" అని చెప్పాలంటే భాష కావాలి. సైగల వల్ల మాట రాకుండా పోతుందనడానికి నాకెక్కడా ఆధారం కనపడలేదు. మా అమ్మాయి సైగ చేస్తుంది, మాట్లాడుతుంది కూడా. ఆ మాట కొత్తవాళ్లకి సగమే అర్థమవుతుంది, అది వేరే సంగతి. 1880లో మిలాన్‌లో చెవిటి పిల్లల చదువు మీద జరిగిన అంతర్జాతీయ సభ బడుల్లో సైగలు వద్దని తీర్మానించింది. 2010లో వాంకూవర్‌లో జరిగిన సభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం ప్రకటించింది. మన ఊళ్లకి మొదటి కబురు చేరింది గానీ రెండోది ఇంకా దారిలోనే ఉన్నట్టుంది.

పెదాలు చూసి పట్టేస్తాడులే అనుకోకండి. అద్దం ముందు నిలబడి, గొంతు తీయకుండా "మాట, పాట, బాట" అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. క, గ అయితే అసలు బయటికే కనపడవు. తెలిసిన విషయం, ఎదురుగా మనిషి, మొహం మీద వెలుతురు ఉంటే పెదాలు కొంత సాయం చేస్తాయి, అంతే.

సైగలు నేర్చుకోవడానికి ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వాళ్ల నిఘంటువు ఉంది. పది వేల పదాలకి వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. కేంద్రం వాళ్ల టీవీ పాఠాలు పీఎం ఈ-విద్యలో సంకేత భాషకని 31వ నంబరు ఛానల్ 2024 డిసెంబర్‌లో వచ్చింది. కానీ వీడియోలతో పదాలు వస్తాయి, కబుర్లు రావు. మీ పట్టణంలో బధిరుల సంఘం ఉందేమో వాకబు చేసి, ఆదివారం పూట బాబుని తీసుకెళ్లండి. వినపడని పెద్దవాళ్లు ఉద్యోగాలు చేస్తూ, పోట్లాడుకుంటూ, జోకులేసుకుంటూ ఉండటం వాడి కన్నా ముందు మీరు చూడాలి. మా అమ్మాయికి పేరు సైగ (పేరుకి బదులు పిలిచే సైగ) పెట్టింది అక్కడే, టైలరింగ్ చేసే ఒకావిడ. గడ్డం మీద సొట్ట ఉందని చూపుడువేలు అక్కడ ఆనించి తిప్పింది. మా అత్తగారు నేర్చుకున్న మొదటి సైగ అదే. గ్రహణం వేళ కదిలావని నన్ను అన్న మనిషే ఆవిడ. మాది మేనరికం అని మాత్రం ఎవరూ గుర్తుచేసుకోలేదు!

ఇంప్లాంట్ సంగతి. కేంద్రం వాళ్ల అడిప్ (వికలాంగులకి పరికరాలు ఇచ్చే) పథకంలో అయిదేళ్ల లోపు పిల్లలకి ఒక్కో ఇంప్లాంట్‌కి సాయం ఇస్తారు, ఆదాయ పరిమితి ఉంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి, మాట సమస్యల జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో అడగండి. బాబుకి మూడు నిండాయి కాబట్టి ఫైలు ఎక్కడా ఆగకుండా వెంటపడాలి. ఆపరేషన్‌తో పని అయిపోదు. మ్యాపింగ్‌కి (మెషిన్‌లో చప్పుడు స్థాయిలు వాడికి తగ్గట్టు సరిచేయించడానికి) తిరగాలి, మాట నేర్పే థెరపీకి తిరగాలి. వారంటీ ఎన్నాళ్లు, ఆ తర్వాత తీగ తెగినా కాయిల్ పోయినా ఖర్చు ఎవరిది అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి.

ఈలోగా చెవి మెషిన్ మానొద్దు. కుయ్‌మని కూత పెడుతుంటే చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు. చెవి పెరిగి మౌల్డ్ (చెవిలో పెట్టే అచ్చు) వదులై ఉంటుంది, ఈ వయసులో తరచుగా మార్చాల్సిందే. బ్యాటరీ స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలికి ఉంచి పెట్టండి. రాత్రి సిలికా జెల్ డబ్బాలో ఉంచండి. మెషిన్‌తో సరిగ్గా వినపడుతోందో లేదో చూడటానికి పొద్దున్నే వాడి వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ ఒక్కొక్కటే అనండి. వినపడినప్పుడల్లా ఒక సీసా మూత గిన్నెలో వేయడం ఆటగా నేర్పండి. స్, ష్ అన్నప్పుడు వారం రోజులుగా మూత పడటం లేదంటే ఆడియాలజిస్టుకి (వినికిడి నిపుణులకి) చెప్పాలి.

బడి గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలోనైనా, ప్రత్యేక బడిలోనైనా ఉచితంగా చదివే హక్కు ఉంది, ఎంపిక మీది. మనవాళ్లు ఇంకా సదరం అనే పిలిచే వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు ఇప్పుడే చేయించండి. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడి ఐఈఆర్‌పీ టీచర్లని (ఈ పిల్లలకి చెప్పే ప్రత్యేక టీచర్లని) కలవండి. నా మటుకు నేను ఒక్కటే చూస్తాను: మధ్యాహ్నం అన్నాల దగ్గర వాడితో కబుర్లు చెప్పే పిల్లలు ఆ బడిలో ఉన్నారా? అందుకే మేం అయిదో తరగతి దాకా ప్రత్యేక బడిలో ఉంచి, తర్వాత మామూలు బడికి మార్చాం. అక్కడ రెండో వరసలో, ఓ పక్కగా కూర్చోబెట్టమని అడిగాం. టీచరూ కనపడాలి, ప్రశ్న ఎవరు అడిగారో కూడా కనపడాలి కదా. బోర్డు మీద రాస్తూ మాట్లాడే మాస్టార్లతోనే తంటా. వీపుకి పెదాలుండవు.

అసలు కష్టం తెలుగు రాయడం దగ్గర వస్తుంది. విభక్తులు చివర్లో గొణిగినట్టు పోతాయి, ఈ పిల్లల చెవికి అందవు. "పిల్లి ఎలుక తిను" అని రాసేది మా అమ్మాయి. "పిల్లి ఎలుకని తింది", "పిల్లిని ఎలుక తింది" అని రెండు వాక్యాలు రాసి, రెండింటికీ బొమ్మలు గీసి చూపిస్తే పగలబడి నవ్వింది. "ని" సంగతి ఆ రోజు పట్టుకుంది. అప్పట్నుంచి రోజూ ఇంట్లో జరిగిన ఒక సంగతికి బొమ్మ, కింద రెండు వాక్యాలు, అది కూడా తనే చెప్తే నేను రాయడం. మీవాడికి మూడేళ్లే కాబట్టి ఇప్పుడు బొమ్మ చాలు, కింద ఒక్క మాట. పరీక్షల్లో అదనపు సమయం, భాషల మినహాయింపు వంటివి బోర్డుని బట్టి ఉంటాయి. అవి తర్వాత చూసుకోవచ్చు, కానీ ఆడియోగ్రామ్‌లు (వినికిడి పరీక్ష కాగితాలు) మాత్రం మొదటిదాన్నుంచీ ఒక్కటీ పారేయకండి. ప్రతి చోటా అడుగుతారు.